తొమ్మిదో కుర్చీ

పసుపుపచ్చ కాగితం మీద ప్రశ్న చాలా మర్యాదగా ఉంది. "మీరు ఆరేళ్ళలోపు పిల్లలను ఇంటివద్దే ఉండి చూసుకుంటున్నారా?" కెల్సీ అవునని టిక్కు పెట్టింది. దాని కింద మరో ప్రశ్న. "మీరు ఇంటి బయట ఉద్యోగం చేస్తున్నారా?" దానికీ అవునని పెట్టింది. అబద్ధం రాయడం ఆమెకు చేతకాదు. పైగా తప్పు సమాచారం ఇస్తే శిక్ష ఉంటుందని కాగితం అడుగున లావుపాటి అక్షరాల్లో రాసి ఉంది.

పది రోజులకు జవాబొచ్చింది. మినహాయింపు లేదు. అక్టోబరు ఇరవై ఒకటి, సోమవారం, ఉదయం ఎనిమిదిన్నరకు జ్యూరీ కోసం కౌంటీ కోర్టులో హాజరు కావాలి. ఎంపికైతే నాలుగు రోజులు పట్టవచ్చు.

కెల్సీ ఆ కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేసింది. చంకలో పద్నాలుగు నెలల జూనీ ఫోను తీగ కోసం చెయ్యి చాస్తోంది. నాలుగేళ్ళ ఓవెన్ సోఫా మీద నుంచి దూకుతూ, దూకిన ప్రతిసారీ లెక్క చెబుతున్నాడు.

"చూడండమ్మా, ఆ మినహాయింపు ఇంట్లో ఉండే తల్లులకు," అంది అవతలి ఆవిడ. తన పేరు ఫే అని ముందే చెప్పింది. "మీరు ఉద్యోగం చేస్తున్నానని రాశారు."

"సాయంత్రం నాలుగు నుంచి పన్నెండు దాకా చేస్తానండి. పగలంతా ఇంట్లోనే ఉంటాను. పిల్లలతో."

"ఏ టైములో చేస్తారని కాగితం అడగదమ్మా."

"అడగదు కాబట్టే మీకు చెబుతున్నాను."

"నేను కాగితంలో ఉన్నదే చూడాలి కదా."

"పోనీ, ఉద్యోగం మానేస్తే?"

"అప్పుడు మీకు మినహాయింపు వస్తుంది," అంది ఫే టక్కున. అనేశాక ఒక్క క్షణం ఆగి, "మానెయ్యమని నేను చెప్పినట్టు కాదు సుమా," అంది.

కెల్సీకి ఒళ్ళు మండింది. కానీ ఆ గొంతులో చెడ్డతనం ఏమీ లేదు. ఎవరి మీద మండాలో తెలియక ఫోను పెట్టేసింది.

ఆ ఇంట్లో పిల్లలు చేతులు మారుతూ పెరుగుతున్నారు. ఆమె భర్త వెస్ తెల్లవారుజామున ఐదింటికి గోదాములో పనికి వెళ్ళి, మధ్యాహ్నం మూడున్నరకు వస్తాడు. మూడూ నలభైకి కెల్సీ వృద్ధాశ్రమంలో పనికి బయలుదేరుతుంది. మధ్యలో ఆ పది నిమిషాల్లోనే ఎవరికి జలుబు చేసింది, ఎవరు ఏం తిన్నారు, ఏ సాక్సు కనిపించడం లేదు అన్నీ చెప్పుకోవాలి. ఒకప్పుడు ఇంత ఇరుకు లేదు. రెండు వీధుల అవతల కెల్సీ తల్లి నార్మా ఉండేది. పిలిస్తే వచ్చేది, పిలవకపోయినా వచ్చేది. మార్చిలో ఆమె పోయింది.

"నేను సెలవు పెట్టనా?" అన్నాడు వెస్ ఆ సాయంత్రం, బూట్లు విప్పకుండానే.

"ఎక్కడిది నీకు సెలవు? నీకు ఏడున్నర ఉన్నాయి కదా."

గోదాములో చెప్పకుండా మానితే ఒక పాయింటు, చెప్పి మానినా ఒకటే, ఆలస్యమైతే అర. ఎనిమిది వస్తే గుర్తింపు కార్డు గుమ్మం దగ్గర ఇచ్చేసి వెళ్ళిపోవడమే. వెస్‌కున్న వాటిలో ఐదు, నార్మా ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజులవి. అత్తగారు దగ్గరి బంధువుల జాబితాలో లేదట.

"జ్యూరీకి వెళ్తే ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదని చట్టం ఉందంటగా?"

"ఉంది. జ్యూరీకి వెళ్ళేవాళ్ళని తీసెయ్యకూడదు. వాళ్ళ మొగుళ్ళని తీసెయ్యొచ్చు."

వెస్ నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు.

మిగిలింది కింద వాటాలో ఉండే వాండా. డెబ్బై మూడేళ్ళు, అరిగిన మోకాలు, అందరి మీదా ఒక అభిప్రాయం.

"నాలుగు రోజులా? నన్ను చంపుదామనే?" అంది వాండా తలుపు సగం తీసి.

"ఒక్క రోజే అవ్వచ్చు వాండా గారూ. చాలామందిని మొదటి రోజే పంపేస్తారట."

"నిన్ను పంపరు. నిన్ను చూస్తే నిజం చెప్పే మొహంలా ఉంటావు. అలాంటి వాళ్ళనే కూర్చోబెడతారు." తలుపు పూర్తిగా తీసింది. "మీ అమ్మ మొహం చూసి ఒక్క రోజుకి ఒప్పుకుంటున్నాను పిల్లా. డైపర్లు మాత్రం నువ్వే తెచ్చుకో. ఇంకోటి, భోజనం కాగానే నాకు కన్ను మూతపడుతుంది. నేనేం చెయ్యను, మందులు అలాంటివి."

కెల్సీకి అదే భయం. ఓవెన్ ఈ మధ్య తలుపు గొలుసు తియ్యడం నేర్చుకున్నాడు. వాండా వాటా గుమ్మం దిగితే నాలుగడుగుల్లో రోడ్డు. ఆ సంగతి చెబితే వాండా ఒప్పుకోదు. చెప్పకపోతే మోసం. చెప్పింది.

"గొలుసుకి తాళం వేస్తాలే," అంది వాండా. "ఇలాంటివాళ్ళని నలుగురిని పెంచాను. ఒకడు పోలీసయ్యాడు."

సోమవారం పొద్దున కోర్టు కింది అంతస్తులో ఎనభై మంది దాకా ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు, పలచటి కాఫీ, గోడకు ఒక టీవీ. కౌంటర్ వెనక కళ్ళద్దాల ఆవిడే ఫే అని గొంతును బట్టి కెల్సీ పోల్చుకుంది. కెల్సీ ముందు వరసలో ఎర్ర కోటు వేసుకున్న ఒకామె పసిపిల్లను బుట్టలో పెట్టుకుని నిలబడింది.

"పిల్లల్ని లోపలికి రానివ్వరమ్మా," అంది ఫే.

"ఇంకెక్కడ పెట్టను? ఎవరూ లేరు."

ఫే నిట్టూర్చింది, స్టాంపు తీసి ఠక్కున కొట్టింది. "వెళ్ళండి. వచ్చే ఏడాది మళ్ళీ పిలుస్తాం."

ఎర్ర కోటు ఆమె రెండు నిమిషాల్లో బయటికి నడిచింది. వెళ్తూ వెళ్తూ కెల్సీకి కన్ను గీటింది.

"మీకూ పిల్లలున్నారా?" అంది కెల్సీ పక్కన కుర్చీలో కూర్చుని అల్లుకుంటున్న ఒక నడివయసు ఆవిడ.

"ఇద్దరు. కింది వాటా ఆవిడ దగ్గర వదిలి వచ్చాను."

"అయ్యో తల్లీ, వెంటబెట్టుకుని రావాల్సింది! ఎవరూ చెప్పలేదా నీకు? మా కోడలు ముగ్గురినీ తీసుకొచ్చింది, పెద్దవాడికి చేతిలో డ్రమ్ము కూడా ఇచ్చి. అయిదు నిమిషాలు పట్టలేదు పంపెయ్యడానికి."

"పిల్లల్ని తీసుకురాకూడదని కాగితంలో రాశారు కదండీ."

"రాస్తారు," అంది ఆవిడ సూదులు ఆపకుండా.

కెల్సీ చేతుల్లో కాగితం కప్పు నలిగింది. వద్దన్న పని చేసినవాళ్ళు ఇంటికి వెళ్ళిపోయారు. చెప్పినట్టు విన్నందుకు తను ఇక్కడ కూర్చుంది.

తొమ్మిదిన్నరకు నలభై మందిని పై అంతస్తు కోర్టు గదికి పంపారు. జడ్జి స్ట్రిక్లర్ గారు తెల్లటి కనుబొమల పెద్దాయన. అందరికీ శుభోదయం చెప్పి, జ్యూరీలో కూర్చోవడం పౌరుడికి ఓటు తరవాత అంత గొప్ప బాధ్యత అన్నాడు. విచారణ నాలుగు రోజులు పడుతుంది, ఆ నాలుగు రోజులు ఉండడం ఎవరికైనా భరించలేని కష్టమైతే ఇప్పుడే చెప్పమన్నాడు.

మొదట ఒకాయన లేచాడు. కెనడాలో సరస్సు దగ్గర చేపలు పట్టడానికి గది తీసుకున్నాడట. నాలుగు నెలల ముందే డబ్బు కట్టేశాడట, తిరిగి ఇవ్వరట.

"ఏ చేపలు?" అన్నాడు జడ్జి.

"వాలై సార్."

"అదృష్టవంతులు. వెళ్ళి రండి."

గదిలో నవ్వులు. ఆయన టోపీ చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. తరవాత పాలిచ్చే తల్లి ఒకామె, ఆమెకు చట్టంలోనే మినహాయింపు ఉంది. తరవాత ఒక్కడే దుకాణం నడుపుకునే కుర్రాడు. తరవాత కవలపిల్లల తండ్రి ఒకడు, భార్య ఆసుపత్రిలో ఉందట. ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. కెల్సీ చెయ్యెత్తింది. లేచి నిలబడి, ఇద్దరు పిల్లలు, వాళ్ళ వయసులు, భర్త షిఫ్టు, తన షిఫ్టు, ఒక్క మాట ఎక్కువ కాకుండా చెప్పింది.

"మరి ఈ రోజు పిల్లలు ఎవరి దగ్గరున్నారమ్మా?" అడిగాడు జడ్జి.

"కింది వాటా ఆవిడ దగ్గర సార్. ఆవిడకి డెబ్బై మూడేళ్ళు. ఈ ఒక్క రోజుకే ఒప్పుకున్నారు."

"అంటే ఏర్పాటు ఉందన్నమాట."

"ఇవాళ్టికి ఉంది సార్."

"మీలాంటి బాధ్యత గలవాళ్ళే మాకు కావాలి," అన్నాడు జడ్జి నిజంగానే మెచ్చుకుంటూ. "రేపటికి కూడా ఏదో ఒకటి చూసుకుంటారని నా నమ్మకం. కూర్చోండి."

చేపలకు దొరికిన సెలవు పిల్లలకు దొరకలేదు. కెల్సీ కూర్చుంది. ఏర్పాటు లేనివాడికి జాలి, ఏదో విధంగా ఏర్పాటు చేసుకున్నవాడికి మెప్పు. ఆ మెప్పు ఖరీదు నాలుగు రోజులు.

పదకొండింటికి పావుగంట విరామం ఇచ్చారు. కెల్సీ మెట్ల దగ్గరికి పరుగెత్తి ఫోన్ చేసింది.

"బతికే ఉన్నారు," అంది వాండా, అడగకముందే. "నీ కూతురు పిల్లి తిండి ఒక గింజ తింది. ఒక్కటే. నీ కొడుకు నా కట్టుడు పళ్ళు ఎక్కడో దాచాడు, చెప్పనంటున్నాడు."

"వాడికి ఫోనివ్వండి. ఓవెన్, నాన్నా, బామ్మ పళ్ళు ఎక్కడ పెట్టావు?"

"నిద్రపోతున్నాయి," అన్నాడు ఓవెన్.

"ఎక్కడ నిద్రపోతున్నాయి?"

"చెప్తే లేస్తాయి."

వెనక నుంచి వాండా అరుపు వినిపిస్తోంది. పళ్ళు లేక ఆ మాటల్లో సగం గాలే. కెల్సీకి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. "వాండా గారూ, భోజనం అయ్యాక..."

"నిద్రపోనులే. పళ్ళు లేకుండా భోజనం ఎక్కడ?"

విరామం అయ్యాక చీటీలు తీసి పద్నాలుగు మందిని జ్యూరీ కుర్చీల్లో కూర్చోబెట్టారు. పన్నెండు మంది అసలువాళ్ళు, ఇద్దరు అదనం. ఎవరినైనా తీసేస్తే వెనక వరసలో ఉన్నవాళ్ళలోంచి ఇంకొకరు వస్తారు. కెల్సీది తొమ్మిదో కుర్చీ. ఎనిమిదిలో గస్ అనే రిటైరైన పోస్టుమ్యాన్, పదిలో ముత్యాల దండ వేసుకున్న పెద్దావిడ.

అప్పుడు జడ్జి అభియోగం చదివాడు. కెల్సీ అంతసేపూ ముద్దాయి ఉన్నవైపు చూడనే లేదు. తన గొడవే తనకు సరిపోయింది. ఇప్పుడు చూసింది. పాతికేళ్ళు కూడా ఉండవు. పేరు మరీసా డోయల్. ఎవరిదో పెద్ద సైజు తెల్ల చొక్కా, చేతులు మణికట్టు దాటి వేళ్ళ దాకా వచ్చాయి. కోళ్ళ ఫ్యాక్టరీలో పని. పోయిన నవంబరులో ఒక రోజు, పిల్లల్ని చూసుకునే మనిషి రాకపోతే, ఐదేళ్ళ కూతుర్నీ రెండేళ్ళ కొడుకునూ ఇంట్లో వదిలి తాళం వేసుకుని షిఫ్టుకి వెళ్ళింది. గంటా నలభై నిమిషాల తరవాత ఆ ఐదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చేత్తో పట్టుకుని పెట్రోలు బంకు దగ్గర నడుస్తుంటే ఎవరో చూశారు. ఇద్దరి కాళ్ళకూ చెప్పుల్లేవు. పిల్లల్ని ప్రమాదంలో పడేసిన నేరం.

కెల్సీకి ముందు కోపం వచ్చింది, ఆ అమ్మాయి మీద. నవంబరు చలిలో, చెప్పుల్లేకుండా! గంటా నలభై నిమిషాలు! కిటికీలోంచి వెళ్ళారా, గొలుసు తీశారా? ఆ పిల్ల తమ్ముడి చెయ్యి వదిలి ఉంటే? ఆ కోపం నిజమైనదే. దాన్ని దాచుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు.

ప్రాసిక్యూటర్ విట్‌కొంబ్ సన్నగా, చక్కగా దువ్విన జుట్టుతో ఉన్నాడు. ఒక్కొక్క కుర్చీ దగ్గరా ఆగి అదే ప్రశ్న అడుగుతూ వచ్చాడు. "మీరెప్పుడైనా చిన్నపిల్లల్ని ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళారా?"

"మా ఆవిడ చూసుకునేది," అన్నాడు మూడో కుర్చీ ఆయన.

"నాకు పిల్లల్లేరు," అంది ఐదో కుర్చీ ఆమె.

"మేమా? మా ఇంట్లో పనిమనిషి ఉండేది," అంది పదో కుర్చీ ముత్యాలావిడ వరస తప్పి. "ఈ రోజుల్లో తల్లులకు ఓపిక ఎక్కడిది!"

కెల్సీ వరసలు తిరిగి చూసింది. తెల్ల జుట్టు, బట్టతల, తెల్ల జుట్టు. ఇద్దరు కాలేజీ వయసు కుర్రాళ్ళు. పొద్దున్నుంచీ పిల్లలున్నవాళ్ళందరినీ జాలితోనో చట్టంతోనో ఒక్కొక్కరినే ఇంటికి పంపేశారు. డైపరు మార్చి వచ్చిన చెయ్యి ఆ పద్నాలుగు కుర్చీల్లో తనదొక్కటే.

గస్ ఆమె వైపు వంగాడు. "అమ్మాయ్, ఇంటికెళ్ళాలని ఉందా?" అన్నాడు గుసగుసగా. "నేను న్యాయంగా ఉండలేనని చెప్పు. అంతే. ఆ ఒక్క మాట చాలు. భోజనానికి ఇంట్లో ఉంటావు."

నిజమే. ఆ ఒక్క మాట చాలు. అది పూర్తి అబద్ధం కూడా కాదు. వాండా కన్ను మూతపడే వేళ దగ్గర పడుతోంది. రేపు వాండా లేదు, ఎల్లుండీ లేదు. వెస్ ఒక్క రోజు మానినా ఉద్యోగం ఉండదు. కెల్సీ గోడ గడియారం వంక చూసింది. తరవాత మరీసా డోయల్ వంక చూసింది. ఆ అమ్మాయి జ్యూరీ వైపు చూడడం లేదు. బల్ల అంచు మీద గోటితో ఏదో గీస్తోంది.

"తొమ్మిదో నంబరు, కెల్సీ హార్డెస్టీ గారూ," అన్నాడు విట్‌కొంబ్. "మీకు చిన్నపిల్లలున్నారని విన్నాం. మీరెప్పుడైనా వాళ్ళను ఒంటరిగా వదిలారా?"

"వదిలాను," అంది కెల్సీ.

వెనక ఎక్కడో ఎవరో కుర్చీలో కదిలారు. విట్‌కొంబ్ కాగితం మీదనుంచి తలెత్తాడు.

"ఎప్పుడు?"

"మార్చిలో. పన్నెండు నిమిషాలు. ఇద్దరూ నిద్రపోతున్నారు. మా అమ్మ ఫోన్ చేసింది, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. రెండు వీధుల అవతల ఇల్లు. పిల్లల్ని లేపి, కోట్లు వేసి తీసుకెళ్ళేంత టైము లేదనుకున్నాను. పరుగెత్తాను."

"పిల్లలకు ఏమైనా..."

"ఏమీ కాలేదు. అంబులెన్సు వచ్చేదాకా అమ్మ దగ్గర ఉన్నాను, తరవాత వెనక్కి పరుగెత్తాను. అమ్మ ఐదు రోజులకు పోయింది."

ఆమె గొంతు వణకలేదు. వణకనివ్వకూడదని బస్సులో వస్తున్నప్పుడే అనుకుంది, జడ్జికి తన ఇబ్బంది చెప్పుకునేటప్పటి కోసం.

"మీ అమ్మగారి విషయం విని బాధగా ఉందండీ," అన్నాడు విట్‌కొంబ్. "కానీ అది వేరు. అది అత్యవసరం."

"వేరో కాదో ఎవరు తేల్చాలి సార్? అది తేల్చడానికే కదా పన్నెండు మందిని పిలిచారు?"

గస్ ముక్కుతో చిన్న శబ్దం చేశాడు. జడ్జి కనుబొమలు కదిలాయి.

విట్‌కొంబ్ చిరునవ్వు చెరగనివ్వలేదు. "ముద్దాయి మీద మీకు సానుభూతి ఉందా?"

"కోపం ఉంది," అంది కెల్సీ. "ఐదేళ్ళ పిల్ల చేతిలో రెండేళ్ళవాణ్ణి పెట్టి ఎలా వెళ్ళిందో నాకు అర్థం కావడం లేదు. చెప్తే వింటాను. ఆ రోజు రావాల్సిన మనిషి ఎందుకు రాలేదో, పనికి వెళ్ళకపోతే ఏమయ్యేదో కూడా వింటాను. విన్నాక చెప్తాను."

"అంటే న్యాయంగా ఉండగలరా?" అని ఈసారి జడ్జి అడిగాడు.

గస్ చెప్పిన మాట నాలుక చివరే ఉంది. "ఉండగలను సార్," అంది కెల్సీ. "నాలుగు రోజులు ఉంటాను. పిల్లల సంగతి ఏదో ఒకటి చేసుకుంటాను. ఉండాలనుకుంటున్నాను."

అది అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. మూడు వారాలుగా తప్పించుకోవాలని చూసిన పని ఇది. కానీ ఈ కుర్చీలోంచి తను లేస్తే మిగిలేదెవరు? ఓపిక ఎక్కడిదని అడిగే ముత్యాలావిడ. మా ఆవిడ చూసుకునేదనే ఆయన. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. రెండు నిమిషాలు తలుపు చాటుకు వెళ్ళిన పిల్లవాడి కోసం గుండె ఎలా ఆగిపోతుందో వాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. తలుపు అవతల ఉద్యోగం, ఇవతల పిల్లలు ఉన్నప్పుడు కాళ్ళు ఎటు నడుస్తాయో వాళ్ళకు ఎప్పుడూ తెలియదు.

ముద్దాయి తరపు లాయరు, జుట్టు ముడి వేసుకున్న యువతి, కెల్సీని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "నాకు చాలండీ," అని మాత్రం అంది.

లాయర్లిద్దరూ ఒక కాగితాన్ని అటూ ఇటూ మార్చుకున్నారు. ఒకరు ఒక పేరు మీద గీత గీస్తే రెండోవారు తీసుకుని ఇంకో గీత. మాటలేమీ లేవు, పెన్ను చప్పుడొక్కటే. ఆ కాగితం జడ్జి చేతికి వెళ్ళింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు.

"రెండో నంబరు, ఆరో నంబరు, తొమ్మిదో నంబరు. మీకు కోర్టు కృతజ్ఞతలు. ఇక మీరు వెళ్ళవచ్చు."

కెల్సీ లేవలేదు. "ఎందుకండీ?" అంది.

"ఏమిటమ్మా?"

"ఎందుకు నన్ను తీసేస్తున్నారు? న్యాయంగా ఉంటానన్నాను కదా."

"రెండు పక్షాలకూ కొందరిని తీసెయ్యడానికి హక్కుంది," అన్నాడు జడ్జి ఓపిగ్గా. "దానికి కారణం చెప్పనక్కర్లేదు."

"నేను మాత్రం పొద్దున కారణాలన్నీ చెప్పానండీ. పిల్లల వయసులు, మొగుడి షిఫ్టు, నా షిఫ్టు, అన్నీ చెప్పాను. అప్పుడు పొమ్మంటే పోయేదాన్ని. అప్పుడు ఉండమన్నారు. ఉంటానంటే ఇప్పుడు పొమ్మంటున్నారు, కారణం లేకుండా."

"అమ్మా." జడ్జి గొంతు ఒక మెట్టు దిగింది. "కోర్టు మీ ఇబ్బందిని గుర్తించింది. దయచేసి."

తలుపు దగ్గర కాపలా ఉన్న డెప్యూటీ రెండడుగులు ముందుకు వేశాడు. కెల్సీ సంచి భుజానికి తగిలించుకుంది. తొమ్మిదో కుర్చీలోకి వెనక వరసలోంచి ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. కెల్సీ నడవడానికి తిరిగినప్పుడు మరీసా డోయల్ తలెత్తి చూసింది. బతిమాలే చూపేం కాదు. ఎవరు వెళ్తున్నారో గుర్తుపెట్టుకునే చూపు. అంతే.

మెట్ల దగ్గర ఫోన్ చేస్తే వాండా ఎత్తింది. ఇద్దరూ నిద్రపోయారట, తనే మేలుకుని ఉందట. పళ్ళు డైపర్ల సంచిలో దొరికాయి.

"అయిపోయిందా? వచ్చేస్తున్నావా?" అంది వాండా.

"పంపేశారు. అరగంటలో బయలుదేరతాను. ఇక్కడ ఇంకొంచెం పనుంది."

"పంపేశారన్నావుగా, ఇంకేం పని?"

"వచ్చాక చెబుతాను."

కింది అంతస్తులో కౌంటర్ దగ్గర ఫే ఒక్కతే ఉంది. కెల్సీని చూసి మొహం విప్పారింది. "తీసేశారా? హమ్మయ్య. చూశారా, భోజనం వేళకే ఇంటికి. అదృష్టవంతులు."

"అదృష్టం అనకండి," అంది కెల్సీ.

ఫే కళ్ళద్దాల మీదుగా చూసింది. ఏమనుకుందో, హాజరు పత్రం మీద స్టాంపు కొట్టి, దానితోపాటు ఒక చిన్న అట్ట కార్డు ముందుకు జరిపింది. "ఇది నింపి వెళ్ళండి. అందరికీ ఇస్తాం."

మా సేవలు ఎలా ఉన్నాయి, అని ఉంది దాని మీద. పార్కింగ్. శుభ్రత. సిబ్బంది మర్యాద. ఒక్కోదానికి ఐదు చుక్కలు. కెల్సీ బస్సులో వచ్చింది కాబట్టి పార్కింగ్ వదిలేసింది. గదులు శుభ్రంగానే ఉన్నాయి, ఐదు చుక్కలు నింపింది. మర్యాద విషయంలో ఆగి, ఆలోచించి, దానికీ ఐదు నింపింది. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ తిట్టలేదు. అడుగున ఇతర సూచనలు అని మూడు గీతలు ఉన్నాయి.

ఆమె కౌంటర్ మీదకు వంగి రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు చిన్నవిగా, విడివిడిగా, ఎవరు చూసినా చదవగలిగేలా రాసింది. సాయంత్రం పని చేసే తల్లి పగలు తల్లి కాదని మీ కాగితం అంటోంది. పిల్లల్ని తీసుకురావద్దని రాశారు, తీసుకొచ్చినవాళ్ళను ఇంటికి పంపారు, తీసుకురానివాళ్ళను ఉంచారు. మూడు గీతలూ అయిపోయాయి. కార్డు తిప్పింది.

"వెనకవైపు రాయకూడదమ్మా," అంది ఫే. "ఆ మెషిను ముందువైపే చదువుతుంది."

"అయితే ఇంకోటి ఇవ్వండి."

ఫే ఇంకోటి ఇచ్చింది. కెల్సీ దాని మీద చుక్కలు నింపలేదు, తిన్నగా గీతల దగ్గరికి వెళ్ళింది. చిన్నపిల్లల తల్లిని విచారిస్తున్న గదిలో ఇప్పుడు చిన్నపిల్లలున్నవాళ్ళు ఒక్కరు కూడా లేరు. పొద్దున కొందరు వెళ్ళిపోవడానికి మీరు సాయం చేశారు, అందుకు నేను తప్పు పట్టను. నేను ఉంటానన్నాను. నన్ను పంపేశారు. ఆ గీతలూ అయిపోయాయి. ఆమె చెయ్యి చాచింది. ఫే మూడో కార్డు పెట్టింది, ఈసారి కొంచెం నెమ్మదిగా.

"ఇవన్నీ పెట్టెలో వేస్తాను," అంది ఫే కాసేపటికి. "నెలాఖరుకి పై ఆఫీసుకి పోతాయి. నిజం చెప్పాలంటే వాటిని ఎవరు చదువుతారో నాకు కూడా తెలియదు."

కెల్సీ తలెత్తలేదు. ఫే కళ్ళద్దాలు సర్దుకుని, మెడ పక్కకు వంచి, మొదటి రెండు కార్డుల్నీ తలకిందులుగా చూస్తోంది. పెదాలు మెల్లగా కదులుతున్నాయి.

"మీరు చదువుతున్నారు కదా," అంది కెల్సీ, నాలుగో కార్డు కోసం చెయ్యి చాస్తూ.